ఆసుపత్రి ఊళ్ళో కోట: మద్రాసు నుంచి రాయవెల్లూరుకు ఒక రోజు రైలు ప్రయాణం

గడచిన తొమ్మిదేళ్ళలో నేను వెల్లూరుకు ఆరుసార్లు వెళ్ళాను; ఆరుసార్లూ నా చంకలో ఎవరిదో ఒకరి రిపోర్టుల ఫైలు ఉంది. కాట్పాడిలో దిగడం, ఆటో మాట్లాడుకోవడం, క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఎదుటి సందుల్లో లాడ్జి వెతుక్కోవడం, తెల్లవారుజామున వరుసలో నిలబడడం, పని ముగియగానే తిరుగు బండి పట్టుకోవడం తప్ప ఆ ఊళ్ళో నేను చేసింది ఏమీ లేదు. నాకే కాదు, నెల్లూరు, చిత్తూరు, కడప వైపు వారిలో చాలామందికి వెల్లూరు అంటే ఆసుపత్రే. ఆ ఆసుపత్రికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో విజయనగర కాలం నాటి రాతికోట ఉందనీ, దాని చుట్టూ ఇప్పటికీ నీళ్ళు నిలిచే అగడ్త ఉందనీ నాకు తెలియక కాదు. ఫైలు చేతిలో ఉన్నప్పుడు కోట కంటికి ఆనదు, అంతే.

ఈ జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన రెండో వారంలో, ఆ కోట కోసమే ఒక రోజు కేటాయించాలని నిశ్చయించుకున్నాను. తోడు రమ్మని నెల్లూరులో తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైన మా బావగారికి ఫోను చేశాను. ఆయన కాసేపు ఊరుకొని, “ఏమయ్యా, ఒంట్లో బాగున్నప్పుడు కూడా ఎవరైనా వెల్లూరు వెళ్తారా?” అన్నారు. తరువాత తానే, “అయినా అది వెల్లూరు కాదు, రాయవెల్లూరు. విజయనగర రాజు వెంకటపతిరాయలు రాజ్యం చేసిన చోటు. వస్తాను, టిక్కెట్టు తీయి” అన్నారు.

టిక్కెట్టు తీయడం ఆయన అన్నంత తేలిక కాలేదు. రైల్వే టిక్కెట్ల యాప్‌లో చేరవలసిన చోట వెల్లూరు అని కొట్టగానే వెల్లూరు కంటోన్మెంటు స్టేషను వచ్చింది. కోటకు దగ్గరి స్టేషను దొరికిందని సంతోషించి వెతికితే, మాకు పనికివచ్చే ఉదయపు బండి ఒక్కటీ కనిపించలేదు. ఆ స్టేషను కాట్పాడి నుంచి విళుపురం పోయే దారిలో ఉంది. బెంగళూరు, కోయంబత్తూరు వైపు పోయే బండ్లు దాని ముఖం చూడవు, కాట్పాడి జంక్షనులోనే ఆగి ముందుకు సాగిపోతాయి. మద్రాసు బీచ్ నుంచి కంటోన్మెంటు మీదుగా పోయే మెము బండి ఒకటి ఉన్న మాట నిజమే కాని, అది ఇక్కడ బయలుదేరేది సాయంత్రం. జోలార్‌పేట వెళ్ళే ఏలగిరి ఎక్స్‌ప్రెస్‌దీ అదే తీరు: ఉదయం మద్రాసుకు తీసుకొస్తుంది, సాయంత్రం తీసుకుపోతుంది. అరగంట ఈ వేళలు చూశాక నాకు ఒక సంగతి అర్థమైంది. ఈ దారిలో చాలా బండ్లు అక్కడివాళ్ళు పొద్దున్నే మద్రాసు వచ్చి పని చూసుకొని రాత్రికి ఇల్లు చేరడానికి వేసినవి. మద్రాసువాడు అటు వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావాలంటే దూరపు బండ్లలోనే చోటు వెతుక్కోవాలి.

అందుకని లెక్కను తిరగేశాను. ముందు తిరుగు బండిని ఖాయం చేసుకొని, దానిని బట్టి ఊళ్ళో ఎన్ని గంటలు దొరుకుతాయో చూసి, ఆ తరువాతే వెళ్ళే బండిని ఎంచుకున్నాను. బెంగళూరు నుంచి వచ్చే బృందావన్ ఎక్స్‌ప్రెస్ చీకటి పడే వేళకు కాట్పాడికి వస్తుంది, రాత్రి తొమ్మిది దాటాక సెంట్రల్ చేరుస్తుంది. అరవై ఎనిమిదేళ్ళ బావగారికి అంతకన్నా ఆలస్యం మంచిది కాదు. ఒకవేళ అది తప్పిపోతే వెనుక కోయంబత్తూరు నుంచి వచ్చే కోవై ఎక్స్‌ప్రెస్ ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఆ కోవైనే ఎంచుకున్నాను: ఉదయం ఆరు దాటిన కొద్దిసేపటికి సెంట్రల్‌లో బయలుదేరి, 130 కిలోమీటర్ల దూరంలోని కాట్పాడిని ఎనిమిది గంటల ప్రాంతంలో అందుకుంటుంది. రెండింటిలోనూ సెకండ్ సిట్టింగ్ చాలనుకున్నాను. రెండు గంటల ప్రయాణానికి ఏసీ చైర్ కారు దండగ అని నా అభిప్రాయం. పైగా కిటికీ తెరుచుకోదు.

ఇక్కడ ఒక పొరపాటు చేశాను. జనం తక్కువగా ఉంటారని శుక్రవారానికి టిక్కెట్లు తీసి, బావగారికి గర్వంగా కబురు కూడా పంపాను. రాత్రి భోజనాలయ్యాక కోటలోని మ్యూజియముల సంగతి చదువుతుంటే, ప్రభుత్వ మ్యూజియమూ పురావస్తు శాఖవారి మ్యూజియమూ రెండింటికీ శుక్రవారమే సెలవని కనిపించింది. కన్ఫర్మ్ అయిన సెకండ్ సిట్టింగ్ టిక్కెట్టును రెండు రోజులకన్నా ముందు రద్దు చేసుకుంటే అప్పట్లో మనిషికి 60 రూపాయలు పట్టుకునేవారు. పోనూ రానూ ఇద్దరికీ కలిపి 240 రూపాయలు అలా పోయాయి. ఎన్నో ఏళ్ళుగా మద్రాసులో ఉంటూ, ఎగ్మూరు మ్యూజియానికి పిల్లలను శుక్రవారం తీసుకువెళ్ళి ఒకసారి వెనక్కి వచ్చినవాణ్ణి, ఈ మాట ముందే తట్టవలసింది. మరుసటి బుధవారానికి మళ్ళీ తీశాను. వెళ్ళే టిక్కెట్లు వెంటనే దొరికాయి. వచ్చేవి వెయిటింగ్ లిస్టులో పడ్డాయి.

వెయిటింగ్ లిస్టు గురించి ఒక మాట. ఆన్‌లైనులో తీసిన టిక్కెట్టు చార్టు తయారయ్యే వేళకు కూడా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతట అదే రద్దయిపోతుంది, డబ్బు వెనక్కి వస్తుంది. ఆ టిక్కెట్టు చూపించి బండి ఎక్కడానికి లేదు. అలాంటప్పుడు జనరల్ టిక్కెట్టే దిక్కు. దానిని ముందు రోజే కొని పెట్టుకుందామంటే కుదరదు. 200 కిలోమీటర్ల లోపు దూరానికి అన్‌రిజర్వుడ్ టిక్కెట్టు కొన్న మూడు గంటలలోపు, లేదా ఆ తరువాత వచ్చే మొదటి బండిలో, ప్రయాణం మొదలుపెట్టాలి. ఈ నియమం తెలియక ఉదయమే రెండు వైపులకూ కొని జేబులో వేసుకొనేవాళ్ళను చూశాను. కనుక అవసరం పడితే సాయంత్రం కాట్పాడిలోనే కొందామని ఫోనులో యూటీఎస్ యాప్ సిద్ధం చేసుకొని, అందులో కొంత డబ్బు వేసి ఉంచాను. అదృష్టం బాగుండి రెండు రోజుల ముందే రెండు సీట్లూ ఖాయమయ్యాయి.

మిగిలింది ఊళ్ళో తిరగవలసిన క్రమం. వెల్లూరు ఎండకు జనవరి కూడా మినహాయింపు కాదు, పైగా గుడి మధ్యాహ్నం మూసివేస్తారు. అందుచేత పొద్దున్నే కోట గోడలు, తరువాత గుడి, ఎండ ముదిరాక నీడపట్టున మ్యూజియము, భోజనం, చివరగా స్టేషనుకు తిరిగి వచ్చే దారిలో పడే, ఒక రాజు సమాధి ఉన్న ముత్తుమండపం అని ఒక చీటీ మీద రాసుకున్నాను. చీటీలో ‘విశ్రాంతి’ అన్న మాట కూడా రాయించినవారు మా అక్కయ్య.

బుధవారం పెరంబూరు నుంచి లోకల్‌లో మూర్ మార్కెట్ కాంప్లెక్సు చేరి, పక్కనే సెంట్రల్‌లో బండి ఎక్కాము. బావగారు కిటికీ పక్క కూర్చొని, మా ఇంట్లో కట్టించిన ఇడ్లీ పొట్లం విప్పకుండానే పాఠం మొదలుపెట్టారు. 1639లో ఇంగ్లీషువారికి మద్రాసు స్థలాన్ని ఇప్పించిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు తెలుగువాడు, చంద్రగిరి, వెల్లూరు రాయల కింది ప్రభువు. 1645లో ఆ దానాన్ని స్థిరపరిచినవాడు అప్పటి విజయనగర రాజు శ్రీరంగరాయలు. “అంటే మనం ఎక్కింది కౌలుదారు కోట పక్కన, దిగబోయేది యజమాని కోట దగ్గర” అన్నారు. అరక్కోణం దాటాక వాలాజా రోడ్డు వచ్చింది. దక్షిణాదిన మొట్టమొదటి రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి బయలుదేరి ఆగింది ఇక్కడే. ఇప్పుడు దానివైపు ఎవరూ తల తిప్పి చూడరు. మా పెట్టెలో కూడా ఎక్కువమంది ఒడిలో ఫైళ్ళు పెట్టుకొని నిద్రపోతున్నారు.

కాట్పాడిలో దిగగానే ఆటోవారు చుట్టుముట్టి, మేము నోరు తెరవకముందే, “హాస్పిటలా సార్? లాడ్జి కావాలా?” అని తెలుగులోనే అడిగారు. కోటకు అంటే ఒకరు ధర పెంచారు, మరొకరు నమ్మలేదు. స్టేషను బయట బాగాయం పోయే టౌను బస్సు ఎక్కితే అది పాలారు వంతెన దాటి నేరుగా ఊళ్ళోకి తీసుకుపోతుంది. దూరం ఏడెనిమిది కిలోమీటర్లు. నేను కండక్టరు ‘కోట’ అని కేకవేస్తాడని కాచుకొని కూర్చున్నాను, ఆయనేమో ‘పాత బస్టాండు’ అని ఊరుకున్నాడు. కోట దాని ఎదురుగానే ఉంటుందన్నది నా చీటీలో లేదు. ఒక స్టాపు ముందుకు పోయి, దిగి, వెనక్కి నడిచాము. చీటీలో లేని ఆ నడకకు బావగారు నన్ను ఏమీ అనలేదు. గొడుగు మాత్రం తానొక్కరే వేసుకున్నారు.

అగడ్త అంచున నిలబడ్డాక ఆ చికాకు మరి లేదు. ఆకుపచ్చని నీళ్ళు, వాటిలోంచి లేచిన బూడిదరంగు రాళ్ళ గోడ, అక్కడక్కడ ముందుకు పొడుచుకు వచ్చిన బురుజులు, వాటి మీద వరుసగా పిట్టగోడ. కోట విస్తీర్ణం 133 ఎకరాలు. అగడ్తకు సూర్యగుంట అనే చెరువు నుంచి భూగర్భ కాలువ ద్వారా నీరు వచ్చేదట. ఆ ‘గుంట’ అన్న మాట వినగానే బావగారి ముఖం వికసించింది. 16వ శతాబ్దంలో దీనిని కట్టించిన వారిగా చిన్న బొమ్మినాయకుడు, తిమ్మారెడ్డి నాయకుడు అనే పేర్లు చెబుతారు. అప్పయ్య దీక్షితులవారికి కనకాభిషేకం చేయించినవాడు ఆ బొమ్మినాయకుడే.

గోడ మీద నీడ ఉన్న చోట చూసుకొని కూర్చున్నాక, ఆయన జగ్గరాయుడి కథ చెప్పారు. 1614లో వెంకటపతిరాయలు పోతూ అన్నకొడుకు శ్రీరంగరాయలకు (రైల్లో చెప్పిన శ్రీరంగరాయలు వేరు) రాజ్యం అప్పగించారు. రాణిగారి అన్న గొబ్బూరి జగ్గరాయుడు అది సహించక, కొత్త రాజునూ భార్యాబిడ్డలనూ వెల్లూరులో చెరపెట్టాడు. వెలుగోటి యాచమనాయకుడు ఒక్కడే ఎదురు తిరిగాడు. చెరలో ఉన్న పిల్లల్లో రాముడనే కుర్రవాణ్ణి యాచముడి ప్రేరణతో ఒక చాకలి మాసిన బట్టల మధ్య దాచి బయటికి దాటించాడని, కొద్దికాలానికే బరదాస్ అనే పోర్చుగీసు మతగురువు రాసిన లేఖలో ఉంది. మిగిలిన కుటుంబాన్ని జగ్గరాయుడు చంపించాడు. ఆ పిల్లవాడి పక్షాన యాచమనాయకుడు, తంజావూరు రఘునాథ నాయకుడు తోపూరు దగ్గర యుద్ధం చేసి జగ్గరాయుణ్ణి హతమార్చారు. చాకలిమూటలోంచి వచ్చినవాడు రామదేవరాయలై రాజ్యం చేశాడు. “ఈ గోడలోంచే ఎక్కడో దాటి ఉంటుంది ఆ మూట” అని బావగారు చెయ్యి చాచి చూపించిన చోట, నిజంగానే ఎవరో ఉతికిన పంచె ఒకటి ఆరవేసి ఉంది. ఇద్దరం నవ్వాము.

పదిన్నరకు గుడికి వెళ్ళాము. వెల్లూరు గురించి తమిళులలో ఒక పాత ఎత్తిపొడుపు ఉంది: నీళ్ళు లేని నది, చెట్లు లేని కొండ, రాజు లేని కోట, దేవుడు లేని గుడి అని. చివరి మాట ఇప్పుడు చెల్లదు. జలకంఠేశ్వరుని గుడిలో శతాబ్దాలపాటు పూజ లేదు. తెల్లవాళ్ళు దీనిని ఆయుధాల కొట్టుగా వాడుకున్నారు. ఊరి బయట సత్తువాచ్చారిలో ఉంచిన లింగాన్ని 1981 మార్చిలో తెచ్చి మళ్ళీ ప్రతిష్ఠించారు. పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న కట్టడంలో ఈ రోజు దీపం వెలుగుతున్నదంటే ఆ ఊరివాళ్ళ పట్టుదలే కారణం.

లోపలికి అడుగుపెట్టగానే ఎడమవైపు కల్యాణమండపం. నా చీటీలో దీనికి పావుగంట కేటాయించాను, గంటకు పైగా పట్టింది. ముందు వరుస స్తంభాలలో ఒక్కొక్కటీ ఒకే రాతిలోంచి లేచింది; ముందు కాళ్ళెత్తి దూకుతున్న గుర్రాలు, యాళులనే కల్పిత మృగాలు, వాటి మీద రౌతులు, కాళ్ళ కింద వేటగాళ్ళు, ఆ వేటగాళ్ళ బల్లేల కొనలు దాకా చెక్కారు. గుర్రం కళ్ళెపు తాడు రాతికి అంటకుండా గాలిలో తేలి ఉంది. బావగారు దాని సందులో వేలు పెట్టబోయి, కాపలా మనిషి దగ్గగానే వెనక్కి తీసుకున్నారు. పైకప్పు మధ్యలో తామరపువ్వు, దాని చుట్టూ తలకిందులుగా వేలాడే చిలకలు. తెల్లదొరలు ఈ మండపాన్ని ఊడదీసి ఇంగ్లాండుకు పంపాలనుకున్నారనీ, అందుకు వస్తున్న ఓడ మునిగిపోయిందనీ అక్కడ చెప్పుకుంటారు. ఓడ మాట ఏమో కాని, చూసినవాడికి ఆ ఆశ పుట్టడం మాత్రం నమ్మవచ్చు.

మ్యూజియములో ఎక్కువసేపు ఉండలేదు. ఫంకాల కింద కూర్చోవడానికే అరగంట పోయింది. నాకు 1806 నాటి సిపాయిల తిరుగుబాటు సంగతి కోట ఆవరణలోనే ఎక్కువ బోధపడింది. సిపాయిలు విధిలో ఉండగా నుదుట బొట్టు పెట్టరాదని, గడ్డం తీయాలని, తోలు కుచ్చు ఉన్న కొత్త తలపాగా పెట్టుకోవాలని పైవారు ఆజ్ఞ చేశారు. టిప్పు సుల్తాను కొడుకులు, కూతుళ్ళు అప్పుడు ఈ కోటలోనే నిర్బంధంలో ఉన్నారు. ఒక కూతురి పెళ్ళి జరిగిన మరునాడు, జూలై 10 వేకువన, సిపాయిలు తిరగబడి వంద మందికి పైగా తెల్ల సైనికులను చంపి, టిప్పు జెండా ఎగరవేశారు. కబురు అందగానే ఆర్కాటు నుంచి గిలెస్పీ అనే అధికారి గుర్రపుదళంతో వచ్చి, మధ్యాహ్నం లోపే అణచివేశాడు. వందలాది సిపాయిలు ప్రాణాలు కోల్పోయారు. ఆర్కాటు నుంచి ఇక్కడికి పదహారు మైళ్ళు. ఉదయం వాలాజా రోడ్డు నుంచి కాట్పాడికి మా రైలు పరుగెత్తినదీ కాస్త అటూ ఇటూగా అంతే దూరమని అప్పుడు తట్టింది. సిపాయిలు తలుపులు సరిగ్గా మూసుకొని, కోట దోపిడీలో పడకుండా ఉండి ఉంటే ఆ పదహారు మైళ్ళు సరిపోయేవి కావని బావగారి తీర్పు. ఆ తరువాత మద్రాసు గవర్నరు బెంటింక్‌ను వెనక్కి పిలిచారు, టిప్పు కుటుంబాన్ని కలకత్తాకు తరలించారు.

భోజనం సంగతి చెప్పుకోదగినది కాదు. ఆసుపత్రి వైపు వెళ్ళి, ఆంధ్రా భోజనం అని బోర్డు ఉన్న చోట తిన్నాము, పప్పు బాగుంది. అక్కడి నుంచి ఆటోలో ముత్తుమండపం. సింహళంలోని కాండీ రాజ్యానికి చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు పుట్టుకతో మధుర నాయకుల వంశానికి సంబంధించినవాడు, పుట్టినప్పటి పేరు కన్నుసామి. 1815లో ఇంగ్లీషువారు ఆయనను పట్టుకొని మరుసటి ఏడు వెల్లూరు కోటకు పంపారు. 1832లో ఇక్కడే కన్నుమూశాడు. పాలారు ఒడ్డున, నీళ్ళు లేని ఆ ఇసుకకు దగ్గరగా, ఆయన సమాధి ఉంది. మేము తప్ప చూడవచ్చినవారెవరూ లేరు. బావగారు చెప్పులు విడిచి, కాసేపు చేతులు కట్టుకొని నిలబడ్డారు.

స్టేషనుకు పోయే ముందు మార్కెట్టు దగ్గర ఆగి, ఇంట్లో చెప్పిన ప్రకారం ముళ్ళ వంకాయలు రెండు కిలోలు కొన్నాను. ఇలవంబాడి వంకాయ అని పేరు. తొడిమకు ముళ్ళు, లోపల గింజ తక్కువ. చీటీలో ‘విశ్రాంతి’ అని రాసుకున్న గంట ఈ బేరంలోనే ఖర్చయింది.

కాట్పాడి ప్లాట్‌ఫారం మీద బృందావన్ కోసం కాచుకొని ఉండగా, పక్క బల్ల మీద కూర్చున్న ఒంగోలు వైపు దంపతులు మా తెలుగు విని పలకరించారు. వారం రోజులుగా ఇక్కడే ఉన్నారట. ఆవిడ బావగారి వైపు జాలిగా చూసి, “ఏ డాక్టరుగారికి చూపించుకున్నారండీ?” అని అడిగారు.

“డాక్టరుకు కాదమ్మా, కోట చూద్దామని వచ్చాం” అన్నారు బావగారు.

ఆవిడ భర్త వైపు తిరిగి, “ఇక్కడ కోట ఉందంటండీ” అన్నారు. ఆయన ఫైళ్ళ సంచిని ఒళ్ళోకి లాక్కొని, ఆ కోట ఎక్కడని నన్ను అడిగారు. వారు దిగిన లాడ్జి ఏ సందులో ఉందో కనుక్కొని, అక్కడి నుంచి ఎటు తిరిగితే అగడ్త కనిపిస్తుందో చెబుతుండగానే బండి వచ్చింది. నేను వంకాయల సంచి తీసుకున్నాను.